బోర్డు వచ్చినందుకా మార్కులు?

సంపాదకులకు,

మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల జాతీయ రహదారి పక్కనే ఉంది. తొమ్మిదో తరగతి సాంఘిక శాస్త్రంలో రోడ్డు భద్రతా విద్య పాఠం చెబుతుంటే, బడి ముందు స్పీడ్ బ్రేకర్ వేయించాలని పిల్లలే అన్నారు. ప్రాజెక్టు పనిగా రెండు గ్రూపులకు అప్పగించాను.

మొదటి గ్రూపు చార్టులు రాసి, ర్యాలీ తీసి, అర్జీ పట్టుకుని ఒక నాయకుడి దగ్గరికి వెళ్లింది. ఆయన ఎవరికో ఫోన్ చేశారు. వారం తిరక్కుండానే ‘ముందు పాఠశాల ఉంది’ అనే బోర్డు పాతారు. రెండో గ్రూపు బడి వదిలే వేళ గేటు దగ్గర నిలబడి లారీలు, బస్సులు, బైకులు వేర్వేరుగా లెక్క రాసుకుంది. ఆటోవాళ్లను, టిఫిన్ సెంటర్ ఆమెను అడిగింది. రోడ్ల ఇంజినీరును కలిస్తే, జాతీయ రహదారి మీద స్పీడ్ బ్రేకర్లు వేయకూడదని ఆయన చెప్పారు. పిల్లలు స్పీడ్ బ్రేకర్ కోసం తాము రాసుకున్న అర్జీ పక్కన పెట్టి, రంబుల్ స్ట్రిప్స్ (బండ్లు నెమ్మదించేలా రోడ్డుకు అడ్డంగా వేసే సన్నటి పట్టీలు), జీబ్రా గీతలు, బడి వదిలే సమయానికి ఒక కానిస్టేబుల్ కావాలని మళ్లీ రాశారు. దానికి ఇంతవరకు జవాబు లేదు.

ఏడాది మధ్యలో బడిలోనే జరిపే ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో ప్రాజెక్టుకు 5 మార్కులు. మొదటి గ్రూపుకు 5, రెండోదానికి 3 వేస్తే చాలన్నారు స్టాఫ్ రూంలో. ‘పని అయింది వాళ్లదే కదా సార్!’ నేను తిరగేసి వేశాను. నాయకుడి ఫోనుకు నేను మార్కులు ఎలా వేయను?

2021లో రంగారెడ్డి జిల్లాలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు తమ ఊరికి బస్సు రావడం లేదని అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణకు ఉత్తరం రాసింది. ఆయన ఆర్టీసీ దృష్టికి తెచ్చాక బస్సు మళ్లీ నడిచింది. చాలా సంతోషం. అంత బాగానూ ఇంకో ఊరి పిల్ల రాసిన ఉత్తరం ఏ ఆఫీసు ఫైళ్లలోనో ఉండిపోతే ఆ పిల్లకు తక్కువ మార్కులా? మన సాంఘిక శాస్త్రం విద్యా ప్రమాణాల్లో ‘సమకాలీన అంశాలపై ప్రతిస్పందించడం, ప్రశ్నించడం’ అని ఉంది. ప్రశ్నించి గెలవడం అని లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. రెండో గ్రూపులో ఒక అమ్మాయి అర్జీ మీద సంతకం పెట్టనంది. వాళ్ల నాన్న లారీ డ్రైవరు. ‘బండ్లది తప్పు కాదు సార్, గంట కొట్టగానే మనమే గుంపుగా రోడ్డెక్కుతున్నాం, తరగతుల వారీగా వదలండి’ అని ఒక పేజీ రాసిచ్చింది. ఆమెకూ 5 వేశాను. తోటి టీచర్లకు అది అస్సలు నచ్చలేదు. పిల్లలంతా టీచరు వైపో, గ్రూపు వైపో ఉంటేనే మార్కులంటే, ఇంక వాళ్ల చేత అర్జీలు రాయించకపోవడమే నయం. (తరగతుల వారీగా వదలడం ఇప్పుడు మొదలుపెట్టాం. మొత్తం వ్యవహారంలో వెంటనే ఫలితమిచ్చింది అదొక్కటే.)

ఇలాంటి ప్రాజెక్టుల్లో ఏం చూసి మార్కులు వేయాలో రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ స్పష్టంగా చెప్పాలి. లేకపోతే ర్యాలీ ఫొటోలు అతికించిన ఫైలుకే 5కి 5 పడుతూ ఉంటాయి. లెక్కల నోటుబుక్కు, ఎవరిని కలిశారో వివరాలు, అర్జీ మొదటి చిత్తుప్రతి కూడా ఫైల్లో ఉండాలని ఒక్క ఉత్తర్వు ఇచ్చినా మాకు పని సులువవుతుంది.

– ఒక సోషల్ టీచర్, నల్లగొండ జిల్లా