స్కాన్లు వద్దు మంత్రి గారూ, ఫైళ్ళు ఇప్పించండి

దివ్యాంగుల చదువుల బాధ్యత చూస్తున్న గౌరవనీయ మంత్రి గారికి,

బెంగళూరు నుంచి, అంధ విద్యార్థుల డిజిటల్ లైబ్రరీ కోసం తెలుగు పుస్తకాల స్కాన్లు దిద్దే వాలంటీర్లం రాస్తున్నాం. ఇది మూడో అర్జీ. మొదటి రెండూ పరిశీలనలో ఉన్నాయన్నారు. పరిశీలించేవారికీ మాకిచ్చినటువంటి స్కాన్లే ఇచ్చారేమో, చదవడానికి ఇంతకాలం పడుతోంది.

మళ్ళీ అదే సరుకు వచ్చింది. 150 డీపీఐ, అంటే అంగుళానికి 150 చుక్కలే. 300 కావాలని ఎన్నిసార్లు మొరపెట్టుకున్నామో లెక్కలేదు. బైండు విప్పకుండా అదిమిపెట్టి తీశారు కాబట్టి లోపలి అంచంతా నలుపు, అక్కడి లైన్లన్నీ వంకర. ఇంగ్లీషు పుస్తకమైతే ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్) ఎలాగో నెట్టుకొస్తుంది. మన వత్తులు లైను కింద వేలాడతాయి. లైను వంగిందా, ఓసీఆర్ వత్తును మింగేస్తుంది, లేదా కింది లైనుకు అంటగడుతుంది. పద్యం పదమవుతుంది, వాద్యం వాదమవుతుంది. అన్నీ అసలు సిసలు తెలుగు మాటలే, స్పెల్‌చెక్ ఎర్రగీత గీయదు. బొమ్మ పక్కన పెట్టుకుని మాటమాటా పోల్చుకోవాల్సిందే. ఆ బొమ్మలోనే వత్తు అలికినట్టుంటే? 'ప'లో తలకట్టు కింది సందు పూడిపోతే అది 'వ'. పరం కాస్తా వరమైపోతుంది. మాకు దక్కిన వరం అదొక్కటే. పూర్ణానుస్వారాన్ని అంకె 0 అనుకుంటుంది. కంటికి తేడా తెలియదు, తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ మాత్రం మాట మధ్యలో అంకె చదువుతుంది. సైన్సు పుస్తకంలో 10² వచ్చి 102 అయి కూర్చుంటుంది. దాన్ని విని పరీక్ష రాయాల్సింది ఆ పిల్లలు. చాలా పేజీలు దిద్దడం కన్నా మొదటి నుంచి టైపు చేసుకోవడమే నయం.

పేజీ నెత్తిన ఉండే పాఠం పేరు తీసేయడం, లైను చివర విరిగిన మాటలు అతకడం, హెడింగ్ స్టైళ్ళు పెట్టడం, పటాలకు వర్ణన రాయడం మా పని. దానికి ఫిర్యాదు లేదు. కానీ 113 తర్వాత 116 వస్తే మేమేం చేయాలి? రెండు ఆకులు కలిపి తిప్పేశారు. మధ్య రెండు పేజీలు మేం ఊహించి రాయాలా?

ఇవేమీ తాళపత్రాలు కావు సార్. కంప్యూటర్లో కూర్చినవే. అచ్చుకు వెళ్ళిన ఫైలు ఎక్కడో ఉండే ఉంటుంది. దాన్ని కాగితం మీద అచ్చేసి, ఆ కాగితాన్ని చెడగొట్టి ఫొటో తీసి, ఆ ఫొటోలోంచి అక్షరాలు ఏరుకోమని మాకు పంపుతున్నారు! యూనికోడ్ కాని పాత పద్ధతి అను ఫాంట్లలో ఉన్నా పర్వాలేదు, యూనికోడ్‌లోకి మార్చుకుంటాం. అలా మార్చినప్పుడు వచ్చే తప్పులు ఎక్కువగా ఒకే తీరున ఉంటాయి, ఫైండ్-రీప్లేస్‌తో చాలావరకు పోతాయి. స్కాన్ తప్పులు పేజీకో తీరు.

కాపీరైటు అడ్డమంటారా? దివ్యాంగులకు అందే రూపంలో ప్రతులు తయారుచేసుకోనిచ్చే సెక్షన్ 52(1)(జెడ్‌బి) కాపీరైటు చట్టంలో 2012 సవరణతోనే వచ్చింది. అంధులకు పుస్తకాలు అందేలా కాపీరైటును సడలించే మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికన్నా ముందు ఆమోదించింది మన దేశమే. ఒప్పందానికి అంత తొందరపడ్డవాళ్ళం, ఒక్క ఫైలుకు ఇంత తాత్సారమా?

జూన్‌లో బడులు తెరుస్తారు. దయచేసి ఫైళ్ళు ఇప్పించండి. కుదరదంటే బైండు విప్పించి, 300 డీపీఐలో మళ్ళీ స్కాన్ చేయించండి. అదీ కుదరదంటే కనీసం ఆ 114, 115 పేజీలైనా పంపించండి.

ఇట్లు,
స్కాన్లు దిద్దే తెలుగు వాలంటీర్లు, బెంగళూరు