పెద్దయ్యాక మొలిచే పన్ను వింత వార్త కాదు

సంపాదకులకు నమస్కారం.

నోట్లో లెక్కకు మించి పళ్ళున్నవాళ్ళ గురించి వార్త ఎప్పుడొచ్చినా అది పేపర్లో వింతల మూలకే పోతోంది. 2019లో చెన్నైలో ఏడేళ్ళ బాబు దవడలోంచి 526 పళ్ళు తీశారన్నప్పుడు అలాగే వేశారు, 38 పళ్ళున్న ఒక మహిళ గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కినప్పుడూ అలాగే వేశారు. అంకె చూసి అందరూ నోరెళ్ళబెట్టారు, ఒకరికొకరు పంపుకున్నారు, అంతటితో అయిపోయింది. కానీ ఆ వార్త చదివినవాళ్ళలో, ముప్పై దాటాక చిగుళ్ళలోంచి ఏదో గట్టిగా పొడుచుకొస్తోందని రోజూ నాలుకతో తడుముకుంటూ, ఎవరికి చూపించాలో తెలియక టెన్షన్ పడుతున్నవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళకి పనికొచ్చే ముక్క అందులో ఒక్కటీ లేదు. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ 526 సంగతి చూడండి. అవి నోటి నిండా వరసలుగా మొలిచిన పళ్ళు కావు. పన్ను తయారవ్వాల్సిన కణజాలం క్రమం తప్పి పెరిగి దవడ ఎముకలో గడ్డ కట్టింది, ఆ గడ్డలో ఉన్నవి చిన్నా పెద్దా బుల్లి పళ్ళు. దీన్ని ఒడొంటోమా అంటారు. క్యాన్సర్ కాదు, ఆపరేషన్ చేసి తీసేస్తే సాధారణంగా మళ్ళీ రాదు. ఈ రెండు మాటలు వార్తలో రాసుంటే చదివిన తల్లిదండ్రులకి ఎంత భయం తగ్గేది!

మామూలుగా పాలపళ్ళు 20, పెద్ద పళ్ళు జ్ఞానదంతాలతో కలిపి 32. వీటికి మించి వచ్చేవాటిని డాక్టర్లు సూపర్‌న్యూమరరీ పళ్ళు అంటారు. ఇది ఎక్కడో కోటికొకరికి వచ్చేది కాదు. పెద్ద పళ్ళ విషయంలో సుమారుగా నూటికి ఒకరి నుంచి ముగ్గురి దాకా ఉంటారని లెక్కలు చెబుతున్నాయి, ఆడవాళ్ళ కంటే మగవాళ్ళలో దాదాపు రెట్టింపు. ఎక్కువమందికి ఒక్కటే ఉంటుంది. పైదవడలో ముందు రెండు పళ్ళ మధ్య మొనదేలి సన్నగా వచ్చేది అన్నిటికంటే మామూలు. జ్ఞానదంతం వెనక నాలుగో దవడపన్ను వచ్చేవాళ్ళున్నారు, కింది దవడలో కోరపంటికీ దవడపళ్ళకీ మధ్య వచ్చేవాళ్ళూ ఉన్నారు.

ఎందుకొస్తుంది అంటే, తల్లి కడుపులో ఆరో వారం నుంచే దవడ పొడవునా ఒక పట్టీలాంటి కణజాలం ఏర్పడుతుంది, అందులోంచే పళ్ళ మొలకలు పుడతాయి. పని అయిపోయాక ఆ పట్టీ కరిగిపోవాలి. కొన్నిచోట్ల దాని అవశేషాలు మిగిలిపోతాయి, లేదా ఆ పట్టీయే కావాల్సిన దానికంటే ఎక్కువ చురుగ్గా పనిచేస్తుంది, అప్పుడు ఇంకో పన్ను తయారవుతుంది అని ఎక్కువమంది నిపుణులు ఒప్పుకునే వివరణ. కుటుంబాల్లో కూడా వస్తుంది కాబట్టి జన్యువుల పాత్ర ఉంది. అంతే తప్ప పళ్ళు సరిగ్గా తోముకోకపోవడం వల్లో, చిన్నప్పుడు తిన్న దేని వల్లో వచ్చేది కాదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి పన్ను బయటపడగానే ఇంట్లోవాళ్ళు ముందు తప్పెవరిదా అని వెతుకుతారు.

పెద్దవాళ్ళ విషయంలో ఎవరూ విడమర్చి చెప్పని సంగతి ఒకటుంది. నలభైలో కనిపించిన పన్ను నలభైలో పుట్టింది కాదు. దాదాపు ఎప్పుడూ అది ఏళ్ళ తరబడి దవడ ఎముకలో పడుకుని ఉన్నదే. కింది ప్రీమోలార్ల దగ్గర, అంటే కోరపంటికీ పెద్ద దవడపళ్ళకీ మధ్య ఉండే పళ్ళ దగ్గర, వచ్చే అదనపు పళ్ళు మాత్రం మిగతావాటి కంటే బాగా ఆలస్యంగా, టీనేజీలో తయారవుతుంటాయి, అందుకే చిన్నప్పటి ఎక్స్‌రేలో ఏమీ లేదు కదా అంటే సరిపోదు. కట్టుడు పళ్ళు పెట్టుకున్న పెద్దాయనకి డెబ్బై దాటాక చిగుళ్ళలో తెల్లగా ఏదో కనబడితే, మళ్ళీ పళ్ళొస్తున్నాయని ఇంటిల్లిపాదీ సంబరపడిపోతారు. నిజానికి పళ్ళు లేని చోట ఎముక ఏటేటా అరిగి కుంగిపోతుంది, లోపల ఎప్పటినుంచో ఇరుక్కుపోయిన పన్ను అప్పుడు బయటపడుతుంది. దాని మీద కట్టుడు పళ్ళు ఒరుసుకుని పుండు పడి చీము పట్టొచ్చు కాబట్టి అది సంబరపడి వదిలేసే విషయం కాదు. పన్ను తీయించుకున్న కొన్నాళ్ళకి పొడుచుకొచ్చే గట్టి మొన చాలాసార్లు పన్నే కాదు, చిన్న ఎముక పెచ్చు. కింది పళ్ళకి లోపలివైపు, నాలుక పక్కన, ఎప్పుడూ నొప్పి పుట్టకుండా ఉండే గట్టి బొడిపెలు కూడా ఎముకే, టోరస్ అంటారు, హాని చేయదు. ఇంకొందరికి నడివయసులో పాలపన్ను ఊడుతుంది! కింద రావాల్సిన పన్ను అసలు తయారవ్వకపోతే పాలపన్ను అలాగే దశాబ్దాలు నిలిచిపోతుంది మరి. వీటిలో ఏది ఏదో అద్దంలో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు, ఎక్స్‌రే కావాల్సిందే.

నాకూ ఒక అదనపు పన్ను ఉంది. కింది దవడలో ఎడమవైపు, నాలుక తగిలే చోట. మొదట చూపించుకున్న డెంటిస్ట్ నోరు తెరిపించి టార్చి వేసి చూసి, పీకేద్దాం కూర్చోండి అన్నారు, ఎక్స్‌రే ఊసే లేదు. నేను ఒప్పుకోలేదు. ఇంకొకరి దగ్గరికి వెళ్తే ఓపీజీ తీయించారు, అంటే రెండు దవడలూ ఒకే ఫొటోలో పడే ఎక్స్‌రే. దాన్ని స్క్రీన్ మీద పెద్దది చేసి చూపించారు. రెండు మామూలు పళ్ళ వేళ్ళ మధ్య, పక్క పన్నుని అచ్చు గుద్దినట్టు, కాస్త చిన్న సైజులో ఇంకో పన్ను, దాని వేరు చివర వంగి, కింది పెదవికి స్పర్శనిచ్చే నరం బయటికొచ్చే రంధ్రానికి బాగా దగ్గరగా ఉంది. అది చూశాక తొందరపడి పీకించుకోకపోవడం ఎంత మంచిదైందో అర్థమైంది. ప్రస్తుతానికి దాన్ని అలాగే ఉంచి, శుభ్రంగా చూసుకుంటూ, అప్పుడప్పుడు ఎక్స్‌రేతో గమనించాలన్నది మేమిద్దరం కలిసి తీసుకున్న నిర్ణయం.

నాది ఉంచారు కదా అని అందరిదీ ఉంచమని నేననను. పక్క పన్ను రాకుండా అడ్డుపడుతున్నా, పక్క పంటి వేరుని కరిగించేస్తున్నా, చుట్టూ నీటితిత్తి కడుతున్నా, బ్రష్ అందక పుచ్చు పడుతున్నా తీసేయాల్సిందే. ఎముకలో లోతుగా ఎవరి జోలికీ పోకుండా ఉన్నదాన్ని మాత్రం తవ్వి తీయడం వల్ల లాభం కంటే నష్టమే ఎక్కువ కావచ్చు. తీయాలనుకున్నప్పుడు నరం ఎంత దూరంలో ఉందో, పన్ను ముందుకుందో వెనక్కుందో తెలియడానికి కొందరికి సీబీసీటీ స్కాన్, అంటే దవడని అన్నివైపుల నుంచీ త్రీడీలో చూపించే ఎక్స్‌రే స్కాన్, అవసరమవుతుంది. పీకేద్దాం అన్న డాక్టర్ని ఎందుకు అని, ఉంచుదాం అన్న డాక్టర్ని ఎన్నాళ్ళకోసారి చూడాలి అని అడగడం మన హక్కు, మొహమాటపడక్కర్లేదు.

నన్ను ఈ ఉత్తరం రాయించిన అసలు బాధ ఇంకోటి. ఒకటి కాకుండా చాలా అదనపు పళ్ళుంటే అది కొన్నిసార్లు ఒంట్లో ఇంకేదో ఉందని చెప్పే గుర్తు. క్లైడోక్రేనియల్ డిస్‌ప్లేసియా అనే పుట్టు సమస్యలో కాలర్ ఎముకలు సరిగ్గా ఏర్పడవు, అసలు లేనివాళ్ళు రెండు భుజాలనీ ముందుకు తెచ్చి దాదాపు కలిపేయగలరు, దవడల్లో బయటికి రాని అదనపు పళ్ళు గుంపుగా ఉంటాయి. గార్డ్‌నర్ సిండ్రోమ్ ఇంకా ముఖ్యం. అందులో అదనపు పళ్ళతో పాటు దవడ ఎముక మీద గట్టి బొడిపెలు, పెద్దపేగు లోపలి గోడ మీద వందల కొద్దీ పాలిప్స్, అంటే చిన్న కండ బుడిపెలు, వస్తాయి, వైద్యం చేయకపోతే ఆ పాలిప్స్ క్యాన్సర్‌గా మారడం దాదాపు ఖాయం. ఇది చాలా అరుదు, ఒక్క పన్ను ఎక్కువున్నవాళ్ళు దీన్ని చదివి కంగారు పడొద్దు. కానీ అదనపు పళ్ళు చాలా ఉండి, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో పేగు క్యాన్సర్ వచ్చి ఉంటే, డెంటిస్ట్ దగ్గరే ఆగిపోకుండా జీర్ణకోశ డాక్టర్‌ని కలవాలి. పళ్ళ ఎక్స్‌రే చూసి ప్రాణం కాపాడే అవకాశం ఉన్నచోట మనం అంకె లెక్కపెట్టి నవ్వుకుంటున్నాం, ఇది నాకు మింగుడుపడటం లేదు.

పళ్ళు మళ్ళీ మొలిపించే మందు వచ్చేసిందన్న ప్రచారం గురించి కూడా ఒక మాట. యూసాగ్-1 (USAG-1) అనే ప్రోటీన్ లేని ఎలుకలకి అదనపు పళ్ళొస్తాయని జపాన్ పరిశోధకులు గమనించారు, ఆ ప్రోటీన్‌ని అడ్డుకునే మందు తయారు చేశారు, 2024లో క్యోటో యూనివర్సిటీ ఆస్పత్రిలో మనుషుల మీద పరీక్ష మొదలైంది. మొదటి దశలో చూసేది ముఖ్యంగా మందు సురక్షితమా కాదా అన్నది. పుట్టుకతోనే పళ్ళు రానివాళ్ళకి ఇది నిజంగా పెద్ద ఆశ, నేనూ ఎదురుచూస్తున్నాను. అయితే బజార్లో దొరికేలోపే దొరికినట్టు శీర్షికలు పెట్టకండి, ఉన్న పళ్ళని నిర్లక్ష్యం చేసేవాళ్ళుంటారు.

మీకు నా విన్నపం ఒక్కటే. ఈసారి ఇలాంటి వార్త వస్తే ఆరోగ్యం పేజీకి పంపండి. ఎవరి నోరో తెరిపించి తీసిన ఫొటో బదులు పేరు చెరిపేసిన ఒక ఓపీజీ వేసి, అదనపు పన్ను ఎక్కడుందో బాణం గుర్తుతో చూపించండి. పక్కనే ఒక డెంటల్ సర్జన్‌తో ఎప్పుడు తీయించాలి, ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు వేరే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి అన్నది రాయించండి. పాఠకులు కూడా తీయించుకున్న ఎక్స్‌రేలు పారేయకుండా ఫోన్లో అయినా దాచుకోండి, ఏళ్ళ తర్వాత కొత్తగా ఏదైనా కనిపిస్తే పోల్చి చూడటానికి డాక్టర్ ముందు అడిగేది పాత ఎక్స్‌రేనే.

ఇట్లు,
మీ పాఠకురాలు