టైర్లు కొనేముందు, తల్లీ

చి.ల.సౌ. అమ్మలుకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. నువ్వు పంపిన ఫోటోలు పెద్దవి చేసుకుని మరీ చూశాను. ముందు టైర్లు రెండూ మార్చాలని షాపువాళ్ళు అన్నారన్నావు. మార్చాల్సిందే, అందులో రెండో మాట లేదు. లోపలి అంచున తీగలు బయటపడుతున్నాయి. ఆ టైర్లతో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కొద్దు. షాపు దాకా కూడా నెమ్మదిగా, దగ్గరి దారిలోనే వెళ్ళు. కానీ ఎందుకిలా అరిగాయో తేల్చకుండా కొత్తవి వేయిస్తే, వాటికీ ఇదే గతి పడుతుంది.

బయటి సగం చూస్తే గాడులు ఇంకా లోతుగానే ఉన్నాయి. లోపలి అంచు మాత్రం గుండైపోయింది. నిలబడి చూసేవాళ్ళకి ఈ లోపలి పక్క కనపడనే కనపడదు, నాకు భయం అక్కడే. వానలో బ్రేకు కొట్టినప్పుడు నీళ్ళని పక్కకి నెట్టాల్సిన గాడి అక్కడ లేదు. ఇకనుంచి గాలి కొట్టించినప్పుడల్లా స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి, దిగి, వంగి చూడు. గాడి అడుగున చిన్న దిమ్మలుంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. రబ్బరు వాటితో సమానమైతే టైరు పని అయిపోయినట్టే.

స్టీరింగ్ తిన్నగానే ఉంది, కారు ఎటూ లాగడం లేదు కాబట్టి అలైన్‌మెంట్, అంటే చక్రాలు ఉండాల్సిన కోణాల్లో ఉండటం, బాగానే ఉండుంటుంది అన్నావు. చాలామంది అలాగే అనుకుంటారు. ముందు చక్రాలు రెండూ సమానంగా బయటికి తిరిగి ఉంటే ఒకదాని లాగుడుని ఇంకోటి కొట్టేస్తుంది. బండి తిన్నగానే పోతుంది, లోపలి అంచులు అరిగిపోతూనే ఉంటాయి. దీన్నే టో అంటారు, అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు కొసలు లోపలికి తిరిగాయా, బయటికి తిరిగాయా అని. పావు డిగ్రీ తేడా కంటికి ఆనదు. కానీ లెక్క కట్టి చూడు, చక్రం పావు డిగ్రీ వంకరగా దొర్లితే కిలోమీటరుకి నాలుగు మీటర్ల పైనే పక్కకి రాసుకున్నట్టు. ఆఫీసుకి రోజూ పోయొచ్చే దారంతా అదే వరస.

ఒక పని చెయ్యి. కారు ఆపి, టైరు చల్లారాక, తీగలు లేని చోట అరచెయ్యి అడ్డంగా ఆనించి లోపలినుంచి బయటికి జరుపు, మళ్ళీ వెనక్కి జరుపు. ఒక దిక్కు నున్నగా జారి, రెండో దిక్కు రంపం పళ్ళలా తగిలితే తప్పు టోలో ఉంది. ఎటు జరిపినా నున్నగానే ఉండి ఒక అంచే వాలుగా అరిగితే క్యాంబర్, అంటే చక్రం నిలువుగా కాకుండా లోపలికి ఒరిగి ఉందన్నమాట. నడిమధ్యన అరిగితే గాలి ఎక్కువ, రెండంచులూ అరిగితే గాలి తక్కువ. నీది ఆ రెండూ కాదు.

ఇప్పుడు అసలు మాట. నేరుగా అలైన్‌మెంట్ మెషిన్ ఎక్కించొద్దు. ముందు కారు జాకీ మీద లేపి, చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఊపమను. ఆడితే స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ పోయినట్టు. పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతోందా, చక్రాన్ని ఆర్మ్‌కి కలిపే కీలు, అదే బాల్ జాయింటో, చక్రం తిరిగే వీల్ బేరింగో చూడాలి. చక్రాన్ని కిందనుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు పగిలాయేమో టార్చి వేసి చూడమను. నువ్వు పక్కనే నిలబడి అడిగి చూపించుకో. మొహమాటపడకు, డబ్బిచ్చేది నువ్వే. ఆటోనగర్‌లో ఏళ్ళ తరబడి సస్పెన్షన్ పని చేసినవాణ్ణి, గట్టిగా చెప్తున్నా: లూజుగా ఉన్న బండికి అలైన్‌మెంట్ చేస్తే ఆ లెక్క మెషిన్ దిగేదాకే నిలుస్తుంది.

నీ కారులాంటి చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాల టో ఒక్కటే తిప్పి సరిచేసేది. క్యాంబర్‌కి కంపెనీ సర్దుబాటు ఇవ్వదు. అందుకే మెషిన్ తెర మీద ఒక పక్క క్యాంబర్ ఎర్రగా చూపిస్తే, "అది అంతేనండీ" అంటే ఒప్పుకోకు. ఆషాఢం వానల్లో ఆ గుంతలో దబ్బున పడిందన్నావే, స్ట్రట్టో (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఉండే నిలువు కడ్డీ) లోయర్ ఆర్మో వంగి ఉండొచ్చు. వంగినదాన్ని మార్చాలి, సుత్తితో కొట్టి సరిచెయ్యనివ్వకు.

ఇవన్నీ అయ్యాక కొత్త టైర్లు, చక్రం బరువు చుట్టూ సమానం చేసే బ్యాలెన్సింగ్, డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసినంత గాలి, ఆ తర్వాతే అలైన్‌మెంట్. స్టీరింగ్ తిన్నగా పెట్టి, కదలకుండా క్లాంప్ బిగించాకే మొదలుపెట్టాలి. ఇంకోటి, కొనేది రెండే కాబట్టి కొత్తవి వెనక వేయించి, వెనకవి ముందుకి తెప్పించు. షాపువాడు వద్దన్నా వినకు. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే స్టీరింగ్‌లో తెలుస్తుంది, కాలు తీసి కాచుకోవచ్చు. వెనకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది.

చేయకముందు, చేశాక కొలతలున్న కాగితం ఇస్తారు. బిల్లు కట్టేముందే దాన్ని ఫోటో తీసి నాకు పంపు, నేను చూసి చెప్తాను. వచ్చే వారం బాబుని తీసుకుని వస్తామన్నారుగా, ఈలోగా ఈ పని కాకపోతే రైల్లో రండి. స్టేషన్‌కి నేనొస్తాను. అల్లుడుగారికి నా మాటగా చెప్పు.

మీ నాన్న
విజయవాడ