టర్నోవర్ ఒక్కటే రాస్తే సరిపోతుందా?

సంపాదకుల వారికి,

నమస్కారం. చిన్న వ్యాపారాలు, చిన్న పరిశ్రమల మీద పత్రికల్లో వచ్చే విజయగాథల్లో ఒక అంకె తప్పకుండా ఉంటుంది. అది టర్నోవర్, అంటే మొత్తం అమ్మకాల విలువ. ఇన్ని లక్షలతో మొదలై ఇన్ని కోట్లకు చేరిందని రాస్తారు. అది చదివి హైదరాబాద్ పారిశ్రామికవాడలైన బాలానగర్‌లోనో చర్లపల్లిలోనో ఒక కుర్రాడు అప్పు తెచ్చి మిషన్ దించుతాడు. కూకట్‌పల్లిలో ఇంకొకరు షట్టర్ కిరాయికి తీసుకుంటారు. ఆ వ్యాపారంలో గిరాకీ ఉన్నా లేకపోయినా నెల తిరిగేసరికి కట్టాల్సింది ఎంత, సరుకుతో పాటు పెరిగే ఖర్చు ఎంత అన్నది మాత్రం ఎక్కడా కనిపించదు. లాభం తేలేదే ఆ రెండు అంకెల మధ్య. వాపును చూసి బలుపనుకునే పొరపాటు జరిగేదీ అక్కడే.

నగరంలో అందరికీ తెలిసిన కర్రీ పాయింట్‌నే తీసుకుందాం. అంకెలు లెక్క కోసం వేసుకున్నవి. ఎవరి అంకెలు వారు పెట్టుకోవచ్చు. ప్యాకెట్ ధర 50 రూపాయలు. కూరగాయలు, నూనె, గ్యాస్, కవర్ కలిపి ప్యాకెట్‌కు 30. మిగిలేది 20. కామర్స్ పాఠాల్లో దీన్నే కంట్రిబ్యూషన్ అంటారు. ఇది లాభం కాదు. మడిగె కిరాయి, వంటమనిషి, హెల్పర్ల జీతాలు, కరెంటు కలిపి నెలకు 72,000 అయితే, ఈ 20 రూపాయలు ముందు ఆ గుంతను పూడ్చాలి. 72,000ను 20తో భాగిస్తే 3,600 ప్యాకెట్లు. 30 రోజులూ తెరిస్తే రోజుకు 120. అదే గిట్టుబాటు గీత, బ్రేక్ ఈవెన్. వారానికో రోజు మూసి 26 రోజులే నడిపితే రోజుకు 139 అమ్మాలి. కిరాయికి సెలవు ఉండదు కదా.

ఇప్పుడు పక్కన ఇంకో కర్రీ పాయింట్ వెలిసిందని ధర 10 శాతం తగ్గించి 45 చేశారనుకోండి. మిగులు 20 నుంచి 15కు పడిపోతుంది. గిట్టుబాటు గీత 3,600 నుంచి 4,800కు, అంటే రోజుకు 160కి ఎగబాకుతుంది. ధర తగ్గింది పదో వంతే. నష్టం రాకుండా ఉండాలంటే అమ్మకం మాత్రం మూడో వంతు పెరగాలి. లాభంలో ఉన్న దుకాణానికీ ఇదే లెక్క. పాత లాభం నిలబెట్టుకోవడానికి కూడా అంతే పెరగాలి. ఇది చూసుకోకుండా ధర తగ్గించినవారికి గల్లా పెట్టె నిండుగా కనిపిస్తుంది, నెలాఖరుకు కిరాయికి వెతుక్కోవాల్సి వస్తుంది. రాత్రి మిగిలిపోయే కూర ఇంకో దెబ్బ. 20 ప్యాకెట్లు పారబోస్తే పోయింది 600 రూపాయలు. పాత 50 ధరకు అమ్ముడుపోయిన 30 ప్యాకెట్ల మిగులు దానికే సరిపోతుంది.

డెలివరీ యాప్ అమ్మకాలను కౌంటర్ అమ్మకాలతో కలిపి ఒకే టర్నోవర్‌గా చూపడం కూడా ఇలాంటి పొరపాటే. 300 రూపాయల బిర్యానీకి వంటింటి ఖర్చు 150 అనుకుందాం. కౌంటర్ మీద 150 మిగులుతుంది. యాప్ కమిషన్ 25 శాతం అయితే 75, దాని మీద 18 శాతం జీఎస్టీ 13 రూపాయల 50 పైసలు. 5 శాతం జీఎస్టీ పద్ధతిలో ఉన్న రెస్టారెంటుకు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొన్నవాటి మీద కట్టిన పన్నును తగ్గించుకునే వీలు) రాదు, కాబట్టి ఆ 13.50 కూడా ఖర్చే. మిగిలింది 61.50. అంటే కౌంటర్ మీద పోయే ఒక ప్లేటు యాప్‌లో పోయే దాదాపు రెండున్నర ప్లేట్లకు సమానం. డిస్కౌంట్‌లో హోటల్ వాటా ఉంటే ఇంకా తగ్గుతుంది. యాప్ వద్దని కాదు. ఖాళీగా ఉన్న వంటింటికి 61.50 కూడా ఆసరానే. కానీ యాప్ ఆర్డర్లనే నమ్ముకుని పెద్ద హాలు కిరాయికి తీసుకుంటే, కౌంటర్ మిగులుతో వేసిన గిట్టుబాటు లెక్క పనికిరాదు.

ఇక కార్ఖానాలకు వద్దాం. అసలు చిక్కు ఇక్కడే. రెండు వర్క్‌షాపులు ఒకే పార్టు చేస్తున్నాయి, ఒకే ధర 200 రూపాయలు. మొదటివారు పాత లేత్‌లతో, పీసు రేటు మీద, కొంత పని బయట జాబ్ వర్క్‌కు ఇచ్చి నడుపుతారు. నెలకు స్థిర ఖర్చు (పని ఉన్నా లేకపోయినా కట్టాల్సింది) 1,00,000, పీసుకు మారే ఖర్చు 150. రెండోవారు అప్పు మీద సీఎన్‌సీ మిషన్ (కంప్యూటర్‌తో నడిచేది) దించారు. వడ్డీ, తరుగుదల (మిషన్ పాతబడే కొద్దీ తగ్గే విలువ), ఆపరేటర్ల జీతాలు, షెడ్డు కిరాయి కలిపి స్థిర ఖర్చు 3,45,000. పీసుకు మాత్రం 80 రూపాయలే. మొదటివారికి గిట్టుబాటు 2,000 పీసుల దగ్గర, రెండోవారికి 2,875 దగ్గర. 3,500 పీసుల దగ్గర ఇద్దరికీ సమానంగా 75,000 లాభం. అక్కడి నుంచి దారులు విడిపోతాయి. 5,000 పీసులు పోతే మొదటివారికి 1,50,000, రెండోవారికి 2,55,000. ఆర్డర్లు 2,500కు పడిపోతే మొదటివారికి ఇంకా 25,000 లాభం, రెండోవారికి 45,000 నష్టం.

మిషన్ మంచిదా, జాబ్ వర్క్ మంచిదా అని అడిగేవారికి ఈ అంకెలు తప్ప వేరే జవాబు లేదు. ఏడాదిలో అతి తక్కువ ఆర్డర్లు వచ్చిన మూడు నెలలు చూసుకోవాలి. ఆ నెలల్లో కూడా 3,500 దాటుతుంటే మిషన్ దించవచ్చు. సగటు చూసి దించకూడదు. నెలకు 4,000 పీసుల దగ్గర ఇద్దరినీ నిలబెట్టి చూస్తే, ఆర్డర్లు 10 శాతం తగ్గినప్పుడు మొదటివారి లాభం 20 శాతం తగ్గుతుంది, రెండోవారిది దాదాపు 36 శాతం. స్థిర ఖర్చు ఎక్కువైన కొద్దీ లాభం ఊగే ఊపు ఎక్కువ. ఎక్కేటప్పుడూ అంతే, దిగేటప్పుడూ అంతే. ఒక్క కంపెనీ ఆర్డర్ల మీదే బతికే చిన్న యూనిట్‌కు ఆ ఊపు తట్టుకోవడం చాలా కష్టం.

ఈ లెక్కలో ఎక్కువమంది దాటేసే సంగతులు కొన్ని చెప్పాలి. రిజెక్షన్ మొదటిది. నూటికి 5 పీసులు తిరిగి వస్తే, పీసుకు 80 అన్న ఖర్చు మంచి పీసుకు 84.20 అవుతుంది. సీఎన్‌సీ యూనిట్ గిట్టుబాటు 2,875 నుంచి 2,980కి జరుగుతుంది. ఇక రెండో షిఫ్ట్. సూపర్‌వైజర్, రాత్రి షిఫ్ట్ అలవెన్సు, వాచ్‌మన్ కలిపి నెలకు 75,000 అదనం అయితే, పీసుకు 120 మిగులు మీద 625 పీసులు అదనంగా చేస్తేనే మొదటి షిఫ్ట్ లాభానికి తిరిగి చేరతారు. 200 పీసుల చిన్న ఆర్డర్ కోసం రెండో షిఫ్ట్ తెరిస్తే నష్టమే. ఆ పని ఓవర్‌టైమ్‌తోనో బయట జాబ్ వర్క్‌తోనో పూర్తి చేసుకోవాలి.

జీతాల సంగతి మరీ ముఖ్యం. ప్రాజెక్ట్ రిపోర్టుల్లో కూలీలను మారే ఖర్చులో వేసేస్తారు, గిట్టుబాటు గీత కిందికి దిగి అందంగా కనిపిస్తుందని. పీసు రేటు అయితే అది నిజమే. నెల జీతం మీద ఉన్న ఆపరేటర్‌ను ఆర్డర్ లేని వారం ఇంటికి పంపించరు, పంపిస్తే మళ్లీ దొరకడు. కాబట్టి అది స్థిర ఖర్చే. పైగా 15,000 వేతనం అంటే 15,000 కాదు. పీఎఫ్, ఈఎస్ఐ వర్తించే యూనిట్‌లో యజమాని పీఎఫ్ వాటా 12 శాతం, పాలనా చార్జీ, బీమా కలిపి 13 శాతం. ఈఎస్ఐ 3.25 శాతం. ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున గ్రాట్యుటీకి పక్కన పెట్టాల్సింది సుమారు 4.8 శాతం. మొత్తం 18,150 దాటుతుంది, బోనస్ వేరు. యజమాని తన జీతాన్ని, సొంత షెడ్డయితే దాని కిరాయిని, ఇంట్లోవాళ్లు చేసే పనిని లెక్కలో వేయకపోవడం ఇంకో లోపం. అలా వచ్చిన లాభంలో కొంత ఆ ఇంటివాళ్ల కూలీయే.

కరెంటు బిల్లు ఏ ఖాతాలో వేయాలి? అందులో రెండూ ఉంటాయి. విడదీయడానికి తేలిక దారి ఉంది. 12 నెలల బిల్లులు తీసి, ఉత్పత్తి ఎక్కువైన నెలను, తక్కువైన నెలను పక్కపక్కన పెట్టండి. 4,600 పీసుల నెల బిల్లు 61,000, 2,600 పీసుల నెల బిల్లు 43,000 అయితే, 2,000 పీసుల తేడాకు 18,000 తేడా. అంటే పీసుకు 9 రూపాయలు. 2,600ను 9తో హెచ్చిస్తే 23,400. దాన్ని 43,000లోంచి తీసేస్తే 19,600 స్థిర భాగం. మిషన్ ఆగిన నెలను, టారిఫ్ మారిన నెలను ఈ లెక్కలోకి తీసుకోవద్దు, ఫలితం తప్పుతుంది. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉన్నవారికి నెలలో నమోదైన గరిష్ఠ డిమాండ్, కాంట్రాక్టు డిమాండ్‌లో (ముందే రాయించుకున్న దానిలో) 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద డిమాండ్ చార్జీ పడుతుంది. భవిష్యత్తులో పెరుగుతామని ముందే ఎక్కువ కేవీఏ (డిమాండ్ కొలత) రాయించుకున్న యూనిట్లు వాడని కరెంటుకు నెలనెలా కడుతుంటాయి. దాన్ని తగ్గించుకుంటే ఒక్క పీసు అదనంగా అమ్మకుండానే గిట్టుబాటు గీత దిగుతుంది.

లాభం చూపిస్తున్న యూనిట్ బ్యాంకులో ఓవర్‌డ్యూ (వాయిదా బకాయి) ఎలా అవుతుందని చాలామంది ఆశ్చర్యపోతారు. పై సీఎన్‌సీ యూనిట్‌లోనే చూడండి. 3,45,000లో 60,000 తరుగుదల అనుకుందాం. అది పుస్తకంలో ఖర్చు, చేతిలోంచి పోయే డబ్బు కాదు. వాయిదాలో అసలు కింద కట్టే 90,000 దీనికి సరిగ్గా వ్యతిరేకం. పుస్తకంలో ఖర్చు కాదు, కానీ డబ్బు పోతుంది. మొదటిది తీసేసి రెండోది కలిపితే నెలకు కట్టాల్సిన నగదు 3,75,000. నగదు గిట్టుబాటు 3,125 పీసులు. 3,000 పీసులు చేసిన నెలలో ఆడిటర్ లెక్కలో 15,000 లాభం, బ్యాంకు ఖాతాలో 15,000 తక్కువ. రెండూ నిజమే. సరుకు తీసుకున్నవారు 90 రోజుల తర్వాత డబ్బిస్తే లోటు ఇంకా లోతవుతుంది. వాయిదా బకాయి 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీ జాబితాలోకి వెళ్తుంది. పీఎంఈజీపీ లాంటి సబ్సిడీ రుణ పథకాలకు, బ్యాంకులకు ఇచ్చే రిపోర్టుల్లో ఈ నగదు గీతను వేరుగా చూపాలి. చాలా రిపోర్టుల్లో అది ఉండదు. ఉన్న ఒక్క గీతను కూడా మూడో ఏడాది అంచనా అమ్మకాలతో వేస్తారు. యూనిట్ చతికిలబడేది మొదటి ఏడాదిలో.

ధర చెప్పేటప్పుడు జరిగే పొరపాటు కూడా ఇక్కడి నుంచే పుడుతుంది. పోయిన నెల మొత్తం ఖర్చును పీసుల సంఖ్యతో భాగించి, దాని మీద ఇంత కలిపి కొటేషన్ ఇస్తారు. ఆర్డర్లు తగ్గిన నెలలో స్థిర ఖర్చు తక్కువ పీసుల మీద పడి పీసు ఖరీదు పెరుగుతుంది. ధర పెంచుతారు. ఉన్న గిరాకీ కూడా జారిపోతుంది. వచ్చే నెల ఖరీదు ఇంకా పెరుగుతుంది. మిషన్ ఖాళీగా ఉన్నప్పుడు సీఎన్‌సీ యూనిట్ 130కి ఒప్పుకున్నా పీసుకు 50 మిగులుతుంది, జాబ్ వర్క్ యూనిట్‌కు అదే ధర పీసుకు 20 నష్టం. కానీ ఆ 130 ఒక్కసారి ఆర్డర్‌కే పరిమితం కావాలి. పాత కొనుగోలుదారుల చెవిన పడి అందరూ 130 అడిగితే మిగులు 50కి కుదించుకుపోయి, గిట్టుబాటు 6,900 పీసులకు వెళ్లిపోతుంది.

స్థిర ఖర్చు బరువు ఎంతటిదో చూడాలంటే మన హైదరాబాద్ మెట్రో రైలు ఉంది. 2017 నవంబరులో మొదలైంది, మొదటి దశ మొత్తం 69 కిలోమీటర్లు. కొవిడ్ వల్ల 2020 మార్చిలో ఆగి, సెప్టెంబరు 7న మళ్లీ కదిలింది. ఆ నెలల్లో టికెట్ల ఆదాయం లేదు. నిర్మాణం కోసం తెచ్చిన అప్పుకు వడ్డీ మాత్రం రైలు నడిచినా ఆగినా ఒక్కటే. ఐటీ కంపెనీలో ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్న ఇంజనీర్ల జీతాలదీ అదే తీరు.

అందుకే మీకు ఒక విన్నపం. వ్యాపార పేజీలో ఎవరి విజయం గురించి రాసినా టర్నోవర్ పక్కన రెండు ప్రశ్నలు అడిగి జవాబు అచ్చు వేయండి. అమ్మకం లేకపోయినా నెలకు కట్టాల్సింది ఎంత? నూరు రూపాయల అమ్మకంలో సరుకుతో పాటు పోయేవి పోను మిగిలేది ఎంత? మొదటిదాన్ని రెండోదానితో భాగించి నూరుతో హెచ్చిస్తే, నష్టం రాకుండా ఉండటానికి నెలకు ఎంత అమ్మాలో చదివేవారే తేల్చుకుంటారు. నెలకు 72,000 కట్టాలి, నూటికి 40 మిగులుతుంది అంటే 1,80,000 అమ్మాలి. ఆ అంకె తెలిస్తే షట్టర్ అడ్వాన్స్ ఇచ్చే ముందే ఆ వీధిలో రోజుకు 6,000 గిరాకీ ఉందో లేదో సాయంత్రం పూట నిలబడి చూసుకోవచ్చు. కిరాయి ఒప్పందం కొత్తగా రాసుకున్నప్పుడు, జీతాలు పెంచినప్పుడు, నూనె ధర మారినప్పుడు ఆ అంకెను మళ్లీ వేసుకోవాలి.

ఇట్లు,
ఒక కాస్ట్ అకౌంటెంట్,
బాలానగర్, హైదరాబాద్