డౌన్‌లోడ్స్‌లో మర్చిపోయిన తాళంచెవుల గుత్తి

సంపాదకులకు నమస్కారం.

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, తెలియని లింకు నొక్కొద్దు అని పత్రికలు పదేపదే రాస్తున్నాయి, మంచిదే. కానీ మన చేత్తో మనమే తయారుచేసుకుని మర్చిపోయే ఒక ఫైల్ గురించి ఎవరైనా రాయగా నేను చూడలేదు. అందుకే ఈ ఉత్తరం.

పోయినేడాది కంప్యూటర్ మార్చాను. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు కొత్తదాంట్లోకి తెచ్చుకోవాలి కదా, సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎక్స్‌పోర్ట్ నొక్కాను, ఫైల్ వచ్చింది, దాన్ని అక్కడ ఇంపోర్ట్ చేశాను, పనైపోయిందనుకున్నాను. కొన్ని నెలల తర్వాత ఏదో ఫొటో కోసం క్లౌడ్ బ్యాకప్‌లో వెతుకుతుంటే అదే ఫైల్ కనిపించింది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ దానంతటదే బ్యాకప్ అయ్యేలా ఎప్పుడో నేనే పెట్టుకున్నాను, ఆ బ్యాకప్ ఇంట్లో ఇంకో రెండు ఫోన్లలో కూడా తెరుచుకుంటుంది. బ్యాంకు, ఈమెయిల్, అమ్మ ఖాతా, అన్నీ వరసగా, యూజర్‌నేమ్ పక్కనే పాస్‌వర్డ్. ఆ రాత్రంతా టెన్షన్‌తో నిద్రపట్టలేదు.

క్రోమ్ అయినా ఫైర్‌ఫాక్స్ అయినా ఇచ్చేది సీఎస్‌వీ ఫైల్, అంటే మామూలు అక్షరాలు. బ్రౌజర్ లోపల ఉన్నంతవరకూ పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం లేకుండా చదవలేని రూపంలో ఉంటాయి, ఎక్స్‌పోర్ట్ చేయగానే ఆ రక్షణ పోతుంది, నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదివేయొచ్చు. ఫైల్ దొరికినవాళ్లకి పాస్‌వర్డ్‌లు కనిపిస్తాయని బ్రౌజర్ ఒక చిన్న హెచ్చరిక చూపిస్తుంది, హడావుడిలో ఉన్న మనిషి దాన్ని చదవడు. ఆ ఫైల్‌కే ఒక పాస్‌వర్డ్ పెట్టుకోనివ్వడం బ్రౌజర్ కంపెనీలకు కష్టమేమీ కాదు. పాస్‌వర్డ్‌లు దాచిపెట్టే యాప్‌లు ఉన్నాయి కదా, వాటిలో బిట్‌వార్డెన్‌లో ఆ వీలు ఇప్పటికే ఉంది, కీపాస్ తన ఫైల్‌ని ఎప్పుడూ ఎన్‌క్రిప్ట్ చేసే ఉంచుతుంది. ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి పాస్‌వర్డ్‌లను భద్రంగా పంపే పద్ధతికి లాగిన్ పద్ధతులకు ప్రమాణాలు రూపొందించే కంపెనీల కూటమి ఫిడో అలయన్స్ 2024లో ముసాయిదా కూడా ఇచ్చింది. అది అందరి చేతికీ వచ్చేలోపు మన జాగ్రత్త మనదే.

ఎక్స్‌పోర్ట్ చేసేముందు క్లౌడ్ సింక్, అంటే ఫైళ్లు వాటంతటవే క్లౌడ్‌లోకి వెళ్లే ఏర్పాటు, ఆపేయండి. ఫైల్‌ని మీకు మీరే మెయిల్ చేసుకోవద్దు, అది సెంట్ ఫోల్డర్‌లో అలాగే పడి ఉంటుంది. ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయడం ఇంకో తప్పు: అంకెలే ఉన్న పాస్‌వర్డ్‌కి ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, ఈక్వల్ గుర్తుతో మొదలయ్యేదాన్ని ఫార్ములా అనుకుంటుంది. ఇంపోర్ట్ అయ్యాక రెండు మూడు ఖాతాల్లో లాగిన్ అయి చూసుకుని అప్పుడు ఫైల్ తీసేయండి, రీసైకిల్ బిన్‌లోంచీ క్లౌడ్ ట్రాష్‌లోంచీ కూడా. పాస్‌కీలు (పాస్‌వర్డ్ బదులు వేలిముద్రతోనో ఫోన్ పిన్‌తోనో లాగిన్ అయ్యేవి) ఈ ఫైల్‌లో రావు, కాబట్టి పాత కంప్యూటర్‌ని తుడిచేసే ముందు వాటి సంగతి విడిగా చూసుకోవాలి. ఒక కాపీ దగ్గర ఉండాలనుకుంటే కీపాస్ లాంటిదాంట్లో, గట్టి మాస్టర్ పాస్‌వర్డ్‌తో.

నాకు అన్నీ మార్చుకోవడానికి రెండు ఆదివారాలు పట్టింది. ముందు ఈమెయిల్ మార్చాను, మిగతా ఖాతాల రీసెట్ లింకులన్నీ వచ్చేది అక్కడికే కదా, ఆ తర్వాత బ్యాంకు, తర్వాత మిగిలినవి.

మీ పేజీల్లో ఈ పద్ధతిని బొమ్మలతో సహా ఒకసారి వేయండి. మా అమ్మలాంటి వాళ్లకి ఈ పని పిల్లలో పక్కింటివాళ్లో చేసిపెడుతుంటారు, ఆ ఫైల్ చివరికి ఎవరి కంప్యూటర్‌లో మిగిలిపోయిందో వాళ్లకి తెలియను కూడా తెలియదు.

— ఒక పాఠకురాలు