మరమ్మతు సంగతి తర్వాత, ముందు నువ్వెలా ఉన్నావ్

చిట్టి తల్లీ,

మేమంతా కులాసాగానే ఉన్నాం. మీ అమ్మకి మోకాలు నొప్పి కాస్త తగ్గింది, తగ్గిందని మాత్రం ఒప్పుకోదు. బుజ్జిగాడి పరీక్షలు అయిపోయాయి. నాకు కళ్ళజోడు మార్చారు. కొత్త అద్దాలు పెట్టుకుని నువ్వు పంపిన ఫోటో ఇంకోసారి చూశాను. అందుకే రాస్తున్నాననుకోకు, ఊరికే రాయాలనిపించింది.

శేషు ఏదో మాటల్లో అన్నాడు, మట్టి ఎత్తుతుంటే ట్రాక్టరు లోడరు బకెట్టు చెవి, అదే పిన్ను దూరే ప్లేటు, ఊడిపోయిందని, బకెట్టు ఒకవైపుకి వేలాడి మట్టంతా కుమ్మరించిందని, నువ్వు సీట్లోనే ఉన్నావని. నేను గట్టిగా అడిగేసరికి "పక్కనుందేమో మావయ్యా, నాకు సరిగ్గా తెలీదు" అని నసిగాడు. సీట్లో ఉండడానికీ పక్కన ఉండడానికీ తేడా ఏమిటో వాడికి తెలియకపోవచ్చు, నీకు తెలుసు. ఫోన్ చేస్తే ఎత్తవు. తర్వాతెప్పుడో ఒక ఫోటో వచ్చింది, దాని కింద ఒక్క ముక్క లేదు.

ఫోటో మాత్రం బాగా తీశావు. విరిగిన చోటు చక్కగా కనిపిస్తోంది. మూడోవంతు మేర నల్లగా తుప్పు పట్టి ఉంది, మిగతాది తళతళలాడుతోంది. అంటే అది ఆ రోజు విరిగింది కాదమ్మా. వెల్డింగ్ అంచున సన్నటి పగులు ఎప్పుడో పుట్టి, బకెట్టు ఎత్తినప్పుడల్లా కాస్త కాస్త పాకుతూ వచ్చింది. లోపలికి తడి దిగి నల్లబడింది. మిగిలిన ఇనుము ఆ రోజు బరువు మోయలేక తెగింది, మెరుస్తున్నది అదే. గ్రీజు కొట్టేటప్పుడు ఆ చెవి మొదలు ఒక్కసారి గుడ్డతో తుడిచి ఉంటే పెయింటు మీద ఎర్రటి తుప్పు గీత కనబడేది. దెప్పడం లేదు, చెబుతున్నానంతే.

ఒక్కటి మాత్రం నాకు అర్థం కాలేదు. ఫోటో కిందనుంచి పైకి తీసినట్టుంది, వెనకాల ఆకాశం పడింది. బకెట్టు గాల్లో ఉండగా దాని కింద నిలబడితే తప్ప ఆ కోణం రాదు. సరే, అది తర్వాత మాట్లాడుకుందాం.

ఇప్పుడు బాగుచేయించాలి కదా. ఊడిన చెవిని తిరిగి అక్కడే అతికించేద్దామంటారు. ఒప్పుకోకు. దాని పిన్ను రంధ్రం ఎలాగూ కోలగా అరిగిపోయి ఉంటుంది, ఫోటోలోనే తెలుస్తోంది. అంతే మందం ప్లేటు తీసుకుని కొత్తది కోయించు. పాత వెల్డింగ్ మొత్తం గ్రైండరుతో తీసేసి, పెయింటు, తుప్పు, గ్రీజు ఏదీ మిగలకుండా ఇనుము తెల్లగా కనబడేదాకా రుద్దించు. బకెట్టు వెనక రేకులోకి కూడా పగులు పాకిందేమో చూసుకో. పాకి ఉంటే, కంటికి కనిపించే కొసకి కాస్త అవతల 5 మిల్లీమీటర్ల రంధ్రం వేయించు, అప్పుడది ఇంకా ముందుకు పోదు. ఆ తర్వాత పగులు పొడవునా లోతుగా గాడి తీసి వెల్డింగ్‌తో నింపాలి. పైపైన పూసేస్తే లోపల పగులు అలాగే ఉంటుంది.

వెల్డింగ్ రాడ్లు 7018వి వాడమను. మామూలు 6013 కంటే అవి ఇలాంటి పనికి మేలు, కానీ తేమంటే వాటికి గిట్టదు. డబ్బా విప్పి 4 గంటలు గాలికి వదిలేస్తే మళ్ళీ ఓవెన్లో ఎండబెట్టాల్సిందే. తడి రాడ్డుతో వేస్తే ఆ తేమలోని హైడ్రోజన్ ఇనుములోకి దిగి, వెల్డింగ్ అద్దంలా నున్నగా ఉన్నా మర్నాడో ఆ పైరోజో పక్కనే చీలవచ్చు. అందుకే అయిపోయిందని ఆ సాయంత్రమే బరువెత్తకు. రెండ్రోజులు ఆగి మళ్ళీ తుడిచి చూడు. త్వరగా చల్లారాలని నీళ్ళు పోయనివ్వకు, చాలామంది పోస్తారు, నాకు ఒళ్ళు మండుతుంది.

లెక్చరివ్వనని మీ అమ్మకి మాటిచ్చాను. మధ్యమధ్య వచ్చి తొంగిచూస్తోంది.

ఇదంతా బకెట్టు ట్రాక్టరుకి ఉండగా చేయిస్తే వెల్డింగ్ కరెంటు పిన్నుల గుండా, వాటి చుట్టూ ఉండే బుష్షుల గుండా పోయి వాటిని పాడుచేస్తుంది. బ్యాటరీ తీగ విప్పకపోతే ట్రాక్టరులో ఉన్న ఎలక్ట్రానిక్సూ పోవచ్చు. అందుకని బకెట్టు విప్పేసి నేలమీద బోర్లించి చేయించు. అప్పుడు ఎవరూ దేని కిందా దూరే పని ఉండదు. ఇంజను ఆపేశాక బకెట్టుని మోసే ఆర్ములు పైన నిలబడేది సిలిండర్లలో నూనె చిక్కుకుని ఉన్నంతసేపే. ఒక్క హోస్ పైపు పగిలితే పక్కకి జరగడానికి కూడా వ్యవధి ఉండదు. నూనె కారుతోందేమోనని చేత్తో తడుముతావు నువ్వు, చిన్నప్పట్నుంచీ అదే అలవాటు. సూదిమొన అంత చిల్లులోంచి వచ్చే నూనె కూడా చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న గాటే కనబడుతుంది కానీ వెంటనే ఆపరేషన్ చేయించకపోతే వేలు తీసేయాల్సి కూడా రావచ్చు. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. ఆర్ములు నేలకి దించి, ఇంజను ఆపి, లివర్లు అటూ ఇటూ ఆడించి ఒత్తిడి తీసేశాకే ఏ గొట్టమైనా ముట్టుకో.

మీ పెదనాన్న లోడరు గుర్తుందా? నువ్వు ఆ బకెట్లో కూర్చుని ఆడుకునేదానివి, గుర్తుండాలి. ఒకసారి దాని ఎడమ ఆర్ముకి పగులొచ్చింది. ఆయన ఎవర్నీ అడగడు కదా. అరచేతి మందం ప్లేటు తెచ్చి, నాలుగు పలకలుగా కోసి, పగులు మీద వేసి చుట్టూ వెల్డింగ్ కొట్టించి, "ఇక ఏనుగెక్కినా విరగదు" అన్నాడు. నిజంగానే అక్కడ విరగలేదు. ప్లేటు అంచు వెంబడి, గీత గీసినట్టు విరిగింది. మందంగా ఉన్నచోట ఇనుము వంగదు, ఆ వంగాల్సినదంతా పలచన మొదలయ్యే గీత దగ్గరే వంగుతుంది, పైగా అడ్డంగా వేసిన వెల్డింగ్ అక్కడే ఉంది. పెదనాన్న ఊరుకుంటాడా? దాని మీద ఇంకా పొడుగు ప్లేటు వేయించాడు. ఈసారి రెండు ఆర్ములనీ కలిపే అడ్డ గొట్టం చీలింది. దానికీ పట్టీలు. ఆఖరికి ఖాళీ బకెట్టు ఎత్తినా ట్రాక్టరు వెనక చక్రాలు తేలిగ్గా తేలడం మొదలైంది, అంత ఇనుము ముందు వేలాడుతోంది మరి. పెద్దమ్మ దాన్ని చూసి "ట్రాక్టరు మొయ్యాల్సింది మట్టినా, మీ మరమ్మతునా" అంది. అప్పుడు ముసలి మేస్త్రి ఒకాయన వచ్చాడు. వెల్డింగ్ వైపు చూడనే లేదు. ఒక గునపం తెచ్చి కుడివైపు పిన్ను కింద పెట్టి ఎత్తాడు. పిన్ను బుష్షులో టకటకా కొట్టుకుంది. గ్రీజు లేక బుష్షు అరిగిపోయింది, అందుకని బరువెత్తినప్పుడల్లా ముందు ఎడమవైపే మోసేది, కుడివైపు తీరిగ్గా వచ్చి కలిసేది. ఆయన ఆ ప్లేట్లన్నీ కోయించేశాడు. పగులు గాడి తీసి నింపి, దాని మీద రెండు కొసలూ సన్నబడేలా కోసిన ఒక్క ప్లేటు వేసి, పొడవు అంచుల వెంబడే వెల్డింగ్ వేశాడు. కొసల దగ్గర అడ్డంగా వేయలేదు. రెండువైపులా కొత్త బుష్షులు. ఆ తర్వాత అమ్మేదాకా అది మళ్ళీ విరగలేదు. పెదనాన్న మాత్రం ఇప్పటికీ తన ప్లేట్ల వల్లే నిలబడిందంటాడు, నువ్వు వెళ్ళినప్పుడు కదపకు.

ఎందుకు చెప్పానంటే, నీ బకెట్టులో కూడా రెండో వైపు చూడు. ఊడింది కుడి చెవి అయితే ఎడమ పిన్ను కదిలించు. లేదా బకెట్టు ఒక మూలతో మొద్దులు పెకలిస్తున్నావేమో, అలా చేస్తే మెలి తిరిగే బలమంతా ఒక చెవి మీదే పడుతుంది. శేషు దాని గురించీ ఏదో అన్నాడు, నేను వినలేదన్నట్టు ఊరుకున్నాను.

బలం చేర్చాలంటే చెవి మందం పెంచక్కర్లేదు. పలచటి వెనక రేకు మీద మందపాటి చెవిని నిలబెడితే బరువంతా ఒక గీత మీద పడుతుంది. మధ్యలో వెడల్పాటి ప్లేటు ఒకటి, మూలలు గుండ్రంగా కోసి, వెనక రేకుకి అతికించి దాని మీద చెవి పెట్టించు. వీలైతే ఆ ప్లేటు బకెట్టు పై దూలం దాకా వెళ్ళాలి. పూర్తిగా వెల్డింగ్ చేసేముందు రెండు చెవుల్లోంచీ ఒకే పొడుగు కడ్డీ దూర్చి అక్కడక్కడ చిన్న వెల్డింగ్ టాకులు వేయించు, లేకపోతే వేడికి చెవి ఒరిగి తర్వాత పిన్ను దూరదు. ఒకేవైపు గబగబా వేయకుండా అటు కాస్త ఇటు కాస్త వేయాలి. బకెట్టు ముందు కోసే అంచు జోలికి మాత్రం పోవద్దు, అది గట్టిపరిచిన ఉక్కు, దాని లెక్క వేరు.

ఇంత చెప్పాక కూడా ఆ ఫోటో ఎక్కడ నిలబడి తీశావో నువ్వు చెప్పవు, తెలుసు. మీ అమ్మకి చూపించలేదు. చూపించమంటే చూపిస్తాను.

శేషు వస్తున్నాడు కదా, వాడి చేతికి నా వెల్డింగ్ హెల్మెట్ ఇచ్చి పంపుతున్నాను, 10 నంబరు నల్లద్దం వేశాను. తోలు గ్లవ్జులు రెండు జతలు, ఒకటి నీది, ఒకటి వెల్డింగ్ చేసేవాళ్ళది. నువ్వు పక్కన నిలబడి చూస్తావు, వద్దన్నా చూస్తావు. అందుకే నీకు కూడా. పొడుగు చేతుల కాటన్ చొక్కా వేసుకో, నైలాన్‌ది వద్దు, నిప్పురవ్వ పడితే ఒంటికి అతుక్కుపోతుంది. ప్యాంటు అంచులు పైకి మడవకు. జుట్టు ముడి వేసుకో.

ఫోన్ ఎత్తు.

నాన్న

తా.క. ఊడిన పాత చెవి పారేయకుండా శేషుకి ఇచ్చి పంపు. మందం నేను కొలుస్తాను. నీ కొలతల మీద నమ్మకం లేక కాదు, అయినా పంపు.