బాబాయిగారి వైద్యం గురించి

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. బాబాయిగారికి, అంటే మీ నాన్నగారికి, ఊపిరితిత్తుల క్యాన్సర్ అని బయాప్సీలో తేలిందనీ, జబ్బు నాలుగో దశలో ఉందనీ, ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీటిని ఇప్పటికే రెండుసార్లు తీశారనీ చదివాక చాలాసేపు ఏ పనిమీదా మనసు నిలవలేదు. అంతకుముందు నెలల తరబడి టీబీ మందులు వాడించారని రాశావు. ఎక్స్‌రేలో మచ్చ కనిపించగానే ముందు టీబీ అనుకోవడం మన దేశంలో సర్వసాధారణమే. అయితే కఫంలో క్రిమి కనిపించకపోయినా, మందులు పడుతున్నా దగ్గు తగ్గకపోయినా అవే మందులు కొనసాగించడం సరికాదు. ఆ ఆలస్యానికి నువ్వు బాధ్యుడివి కావు కనుక దాన్ని తలచుకుని కుమిలిపోవద్దు.

"డెబ్బై ఆరేళ్ళ మనిషిని ఇంకా ఎందుకు బాధపెట్టడం, ఉన్నన్నాళ్ళు సుఖంగా ఉండనివ్వండి" అని మీ పెదనాన్నగారు అంటున్నారనీ, "ఖర్చుకు వెనకాడకుండా గట్టి కీమో ఇప్పించండి" అని అన్నయ్య అమెరికా నుంచి ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడనీ, మధ్యలో నువ్వు నలిగిపోతున్నావనీ రాశావు. ఇద్దరివీ ప్రేమతో అన్న మాటలే. కానీ బాబాయిగారి ఒంట్లో ఇప్పుడు ఎంత సత్తువ మిగిలి ఉంది, ఆ క్యాన్సర్ ఏ రకానిది, ఆయన మనసులో ఏముంది అన్న మూడు సంగతులూ ఇద్దరూ అడగలేదు. నేను డాక్టరును కాను, క్యాన్సర్ ఆసుపత్రిలో కీమో మందుల మోతాదులు సరిచూసి పంపే ఫార్మసిస్టును. రోజూ డెబ్బైలు దాటినవాళ్ళ చీటీలు నా చేతుల మీదుగానే వెళ్తాయి కనుక, తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, బయాప్సీ ముక్కను జన్యు పరీక్షలకు పంపారో లేదో కనుక్కో. నువ్వు పంపిన రిపోర్టులో ఎడినోకార్సినోమా అని ఉంది. ఈ రకం ఉన్న మన దేశపు రోగుల్లో సుమారు నాలుగోవంతు నుంచి మూడోవంతు మందిలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు కనిపిస్తుంది. యూరప్ వాళ్ళలో ఇది ఇంతకంటే బాగా తక్కువ. పొగతాగనివాళ్ళలో, ఆడవాళ్ళలో ఎక్కువన్న మాట నిజమే గానీ, బాబాయిగారు చాలాకాలం చుట్ట కాల్చారు కాబట్టి ఈ పరీక్ష అనవసరం అని ఎవరైనా అంటే ఒప్పుకోకు, ఎందుకంటే పొగతాగినవాళ్ళలో కూడా ఆ మార్పు ఉండే అవకాశం ఉంది. ఆల్క్, రాస్-1 అనే మరో రెండు జన్యువుల పరీక్షలు, క్యాన్సర్ కణాల మీద ఉండే పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ పరీక్ష కూడా దానితోపాటే చేయించాలి. ముక్క చాలదన్నారంటే, తీసిన నీటిలోని కణాల నుంచి గానీ, చివరకు రక్తం నుంచి గానీ పరీక్ష చేసే వీలుంది.

దీని గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ మార్పు ఉన్నట్టు తేలితే బాబాయిగారికి మొదట కీమో అవసరమే ఉండకపోవచ్చు. రోజుకొక మాత్రతో, ఇంట్లోనే ఉండి, వైద్యం సాగుతుంది. 2009లో జపాన్ వైద్యులు ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. ఆ జన్యు మార్పు ఉండి, కీమోకు తట్టుకోలేరని అనుకున్న 30 మంది రోగులకు, వాళ్ళలో చాలామంది మంచం పట్టినవాళ్ళే, గెఫిటినిబ్ మాత్ర ఇచ్చి చూస్తే, అధికశాతం మంది తమ పనులు తాము చేసుకునే స్థితికి వచ్చారు. ఆ మందుకు మన దేశంలో చవకైన జనరిక్‌లు దొరుకుతున్నాయి. దానికంటే మెరుగైన ఒసిమెర్టినిబ్ ఇప్పటికీ ఖరీదైనదే, 2024 జూలై బడ్జెట్‌లో దాని మీద దిగుమతి సుంకం ఎత్తివేసినా సరే. ఈ మాత్రలతో ఒంటి మీద మొటిమల్లాంటి దద్దుర్లు, విరేచనాలు, గోరుచుట్టు వస్తాయి, వాటికి మందులున్నాయి. అరుదుగా ఊపిరితిత్తులే వాచి ఆయాసం కొత్తగా పెరగవచ్చు. అప్పుడు మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి.

ఇక్కడే నా వృత్తికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. మన పెద్దవాళ్ళలో పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకోనివాళ్ళు అరుదు. పాంటాప్రజోల్ లాంటి ఆ మాత్రలు కడుపులో ఆమ్లాన్ని తగ్గించేస్తే గెఫిటినిబ్ ఒంటికి సరిగా పట్టదు. మొన్న ఒక పెద్దావిడ తన మందులన్నీ చీరకొంగు ముడిలోంచి తీసి నా కౌంటరు మీద పోశారు. బీపీ మాత్ర ఒకటే రెండు వేర్వేరు కంపెనీల పేర్లతో, రెండు గ్యాస్ మాత్రలు, మోకాళ్ళ నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర, నిద్రమాత్ర, పేరు చెరిగిపోయిన బలం మాత్రలు. ఏ డాక్టరూ వాటన్నిటినీ ఒకచోట చూసి ఉండరు. బాబాయిగారి మందులన్నీ, ఆయుర్వేదం పొడులతో సహా, ఒక సంచిలో వేసి డాక్టరుగారి బల్ల మీద పెట్టు. నొప్పి మాత్రలు మూత్రపిండాలను ఎంత దెబ్బతీస్తాయో కీమో మొదలయ్యాక తెలిసినా ప్రయోజనం ఉండదు.

జన్యు మార్పు లేదనుకుందాం. పీడీ-ఎల్1 శాతం 50 దాటి ఉంటే ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు) ఒక్కటే ఇచ్చే పద్ధతి ఉంది. వయసు దానికి అడ్డంకి కాదు, ధర మాత్రం మధ్యతరగతి కుటుంబానికి మోయరానిది. అదీ కుదరకపోతే మిగిలేది కీమో. "ఈ వయసులో కీమోనా" అనే పెదనాన్నగారి ప్రశ్నకు జవాబు వెతికే పని ఇటలీ వైద్యులు ఎప్పుడో మొదలుపెట్టారు. 1999లో వెలువడిన వాళ్ళ అధ్యయనంలో 70 ఏళ్ళు పైబడిన రోగుల్లో కొందరికి వినొరెల్బిన్ అనే ఒక్క మందు, మిగిలినవారికి ఉపశమన చికిత్స, అంటే బాధలను తగ్గించే వైద్యం, మాత్రమే ఇచ్చారు. మందు తీసుకున్నవారిలో సగంమంది 28 వారాలు దాటి బతికితే, తీసుకోనివారిలో ఆ లెక్క 21 వారాలు, పైగా మందు తీసుకున్నవారికే నొప్పి, ఆయాసం తగ్గాయి. తరువాత ఫ్రాన్స్‌లో 70 నుంచి 89 ఏళ్ళ మధ్యనున్న 451 మందితో చేసిన పరిశీలన 2011లో వచ్చింది. కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ రెండూ కలిపి ఇచ్చినవారిలో ఆ లెక్క 10.3 నెలలు, ఒక్క మందే ఇచ్చినవారిలో 6.2 నెలలు. ఈ అంకెలు చూసి అన్నయ్య సంబరపడతాడు, కానీ మిగతా సగం కూడా ఆయనకు చెప్పు. రెండు మందులు తీసుకున్నవారిలో రక్తకణాలు పడిపోవడం బాగా ఎక్కువ, మందుల దెబ్బకే ప్రాణం పోయినవారు నూటికి నలుగురికి పైగా ఉన్నారు. అందుచేత ఎవరికి రెండు మందులు, ఎవరికి ఒకటి, ఎవరికి ఏదీ వద్దు అన్నది మనిషిని చూసి తేల్చాల్సిన సంగతి.

ఆ తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. వయోవృద్ధుల సమగ్ర పరీక్ష అంటారు. ముంబయి టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రిలో ఇందుకోసం ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూస్తారు. మూడు మాటలు చెప్పి, గడియారం బొమ్మ గీయించి, ఆ మాటలు మళ్ళీ చెప్పమంటారు. గత ఆరు నెలల్లో కిందపడ్డారా, బరువు తగ్గారా, వినికిడి ఎలా ఉంది, మందులు తానే గుర్తుంచుకుని వేసుకుంటారా, పక్కన ఎవరుంటారు అని అడుగుతారు. చూడడానికి పిల్లల ఆటలా అనిపించినా, అమెరికాలో ఆర్తీ హురియా అనే వైద్యురాలు 2011లో ప్రచురించిన పరిశీలనలో, కీమో ఎవరిని తీవ్రంగా దెబ్బతీస్తుందో ముందే అంచనా వేయడానికి ఇలాంటి ప్రశ్నలే ఉపయోగపడ్డాయి. 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన మరో అధ్యయనంలో, ఈ పరీక్ష ఫలితాలను, వాటిని బట్టి ఏం చేయాలో సూచనలను డాక్టర్ల చేతికి ఇచ్చినచోట తీవ్రమైన దుష్ఫలితాలు 71 శాతం నుంచి 51 శాతానికి తగ్గాయి, ఆయుష్షు మాత్రం తగ్గలేదు. మీ ఆసుపత్రిలో ఆ పేరుతో క్లినిక్ లేకపోయినా ఫరవాలేదు, ఈ ప్రశ్నలకు జవాబులు నువ్వే కాగితం మీద రాసుకుని తీసుకువెళ్ళు.

మూత్రపిండాల సంగతి విడిగా చెప్పాలి. రిపోర్టులో క్రియాటినిన్ నార్మల్ అని ఉంటే చాలామంది ఊరట చెందుతారు. క్రియాటినిన్ కండల నుంచి వచ్చే, మూత్రపిండాలు వడపోసి పంపే వ్యర్థం. బాబాయిగారిలా చిక్కిపోయిన పెద్దవాళ్ళలో కండే తక్కువ కాబట్టి, మూత్రపిండాలు బలహీనపడినా ఆ అంకె మామూలుగానే కనిపిస్తుంది. కార్బోప్లాటిన్ మోతాదు మూత్రపిండాల శక్తిని బట్టే కడతారు గనుక, వయసూ బరువూ కలిపి లెక్కగట్టిన క్లియరెన్స్ (మూత్రపిండాల వడపోత శక్తి) ఎంతో అడుగు. కీమో రోజున బరువు మళ్ళీ తూచాలి, పాత చీటీలోని అంకె పనికిరాదు.

కీమో మొదలుపెడితే ఇంట్లో థర్మామీటరు ఉండాలి. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే అర్ధరాత్రయినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. పెద్దవాళ్ళలో ఒక్కొక్కసారి జ్వరమే రాదు. అన్నం ముందు కూర్చుని తినకపోవడం, మాట తడబడడం, పొద్దస్తమానం మగతగా ఉండడం మాత్రమే కనిపిస్తాయి. ఈ సంగతి పిన్నిగారికి ప్రత్యేకంగా చెప్పు, ఎందుకంటే ఆ మార్పును అందరికంటే ముందు పట్టుకోగలిగేది ఆవిడే.

ఉపశమన చికిత్స మాట ఎత్తితే, డాక్టర్లు చేతులెత్తేశారని మీవాళ్ళు భయపడతారని నాకు తెలుసు. నీటిని తీయడం, అది మళ్ళీ చేరకుండా ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొరలు అతికించడం, ఆయాసానికీ నొప్పికీ మార్ఫిన్ ఇవ్వడం, ఎముక నొప్పికి ఒక్క సిట్టింగ్ రేడియేషన్ పెట్టడం, ఇవన్నీ మొదటి రోజు నుంచీ అసలు వైద్యంతో కలిసి నడవాలి. 2010లో బోస్టన్ వైద్యులు ఇలాంటి రోగుల్లో కొందరికి మొదటి నుంచే ఉపశమన వైద్యుల్ని తోడిచ్చి చూస్తే, వాళ్ళు బాధలు తగ్గి హాయిగా ఉండడమే కాకుండా, ఆఖరి రోజుల్లో తీవ్రమైన కీమోలు తక్కువ తీసుకుని కూడా, మిగిలినవారికంటే దాదాపు మూడు నెలలు ఎక్కువ బతికారు. మార్ఫిన్ అలవాటైపోతుందని పెదనాన్నగారు అడ్డుపడితే, సరైన మోతాదులో నొప్పి ఉన్న మనిషికి ఇచ్చే మందుకూ వ్యసనానికీ సంబంధం లేదని గట్టిగా చెప్పు.

ఖర్చు గురించి: 70 ఏళ్ళు దాటినవారికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, 2024 అక్టోబరులో మొదలైన ఆయుష్మాన్ వయ వందన కార్డు కింద ఏడాదికి 5 లక్షల వరకు వర్తిస్తుంది. ఆధార్ ఉంటే చాలు, ఈ వారంలోనే తీసుకో. మీ ఊరికి విశాఖ అగనంపూడిలోని హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి దగ్గర. అది టాటా మెమోరియల్ వాళ్ళదే, రెండో అభిప్రాయానికి అక్కడికి వెళ్ళమని నా సలహా.

చివరగా అన్నిటికంటే కష్టమైన సంగతి. జబ్బు పేరు బాబాయిగారికి చెప్పలేదనీ, "ఊపిరితిత్తుల్లో నిమ్ము" అని నమ్మించారనీ రాశావు. ఆయన ముప్పై ఏళ్ళు బడి నడిపిన మనిషి, మీ ఇంట్లో ఏ నిర్ణయమైనా ఆయన తీసుకున్నదే. నీళ్ళు తీసేటప్పుడు డాక్టర్ల మొహాలు, ఇంటికి వచ్చిపోయే బంధువుల మొహాలు ఆయన చదవలేరా? ఆయనకు ఏదో అనుమానం ఉండే ఉంటుంది, మీరు బాధపడతారని పైకి అనకుండా ఉండి ఉంటారు. అన్నీ ఒక్కరోజే చెప్పనక్కరలేదు. "నాన్నా, మీ జబ్బు గురించి ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?" అని అడిగి, ఆయన ఎంత అడిగితే అంతే చెప్పు. ఆ తరువాత ఆయన కోరికేమిటో కనుక్కో. కొందరు "మనవరాలి పెళ్ళి చూడాలి, ఎంత బాధైనా పడతాను" అంటారు, కొందరు "ఆసుపత్రి మంచం మీద వద్దు, నా అరుగు మీద కూర్చోనివ్వండి" అంటారు. ఏది అన్నా డాక్టరుగారు ఆ మాటకు తగిన వైద్యమే రాయగలరు, కానీ ఆ మాట ఆయన నోటి నుంచే రావాలి, మీ పెదనాన్నగారి నోటి నుంచో అన్నయ్య నోటి నుంచో కాదు.

మందుల చీటీలు, క్రియాటినిన్ రిపోర్టు, ఇప్పటి బరువు ఫోటోలు తీసి నాకు పంపు, మోతాదు లెక్కలు చూసి పెడతాను. జన్యు పరీక్ష ఫలితం వచ్చేదాకా, ఆయాసం భరించరానంతగా పెరిగితే తప్ప, కీమోకు తొందరపెట్టవద్దని డాక్టరుగారిని అడుగు. పిన్నిగారికి నా నమస్కారాలు. ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను, అప్పటికి బాబాయిగారితో మాట్లాడి ఉండు.

నీ మిత్రుడు